పిడి లేని తలుపు

2025 మే నెల, మిట్టమధ్యాహ్నం. గుర్గావ్ శివార్లలో ఒక తోట. తోటలో రేకుల షెడ్డు. షెడ్డు కింద ముదురాకుపచ్చ రంగు వేసిన పాత ఫార్గో లారీ. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన, గుండ్రటి మడ్‌గార్డుల చిన్న లారీ. దాని చుట్టూ అయిదారుగురం నిలబడి ఉన్నాం. లోపలికి ఎలా వెళ్లాలో ఒక్కరికీ తెలియడం లేదు. తలుపులకు పిడులు లేవు. పిడి ఉండాల్సిన చోట చేత్తో తడిమితే అద్దంలా నున్నగా తగులుతోంది. యజమాని చేతిలో రిమోట్ ఉంది. ఆయన దాన్ని నొక్కుతున్నారు, దగ్గరగా పెట్టి నొక్కుతున్నారు, చెయ్యి పైకెత్తి నొక్కుతున్నారు. లారీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. తాళంచెవి లోపల డాష్‌బోర్డుకు వేలాడుతోంది. అంతకు పది నిమిషాల ముందే ఆయన ఎనిమిదేళ్ల మనవడు లోపల కూచుని స్టీరింగ్ తిప్పుతూ ఆడుకుని, దిగి, ధడాల్న తలుపేసి మంచినీళ్లకు పరిగెత్తాడు.

ఆ పది నిమిషాల సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు. ఏడాది దాటినా నాకు మాత్రం ఆ పది నిమిషాలే గుర్తొస్తున్నాయి. ఈవారం ఈ సోదంతా అందుకే.

ఆయన మనవాడే. కృష్ణా జిల్లా నుంచి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఢిల్లీ వచ్చి, ఇక్కడే రిటైరై స్థిరపడ్డారు. తండ్రి బెజవాడలో లారీ డ్రైవరు. నడిపింది ఫార్గో. ఇప్పటివాళ్లకు ఆ పేరు కొత్తగా ఉంటుందేమో గానీ టాటా, లేలాండ్‌లు రోడ్లన్నీ ఏలకముందు మన లారీ ఆఫీసుల ముందు నిలబడిన పేర్లు ఫార్గో, డాడ్జ్, బెడ్‌ఫర్డ్. ఫార్గో, డాడ్జ్ రెండూ అమెరికాలోని క్రిస్లర్ కంపెనీవే. ఇక్కడ వాటిని బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారు చేసేది. 1954లో టాటా వాళ్లు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టాక పాత అమెరికన్ ముక్కులు మెల్లగా వెనక్కి తగ్గాయి. తండ్రి నడిపిన బండి ఎప్పుడో తుక్కయింది. అలాంటిదే మరొకటి పాత ఇనుము ధరకు దొరికితే మా మిత్రుడు కొని, ఉద్యోగ విరమణ డబ్బులో కొంత దాని మీద పోశారు. ఇంట్లో ఆవిడ దానికి 'రెండో సంసారం' అని పేరు పెట్టారు.

ఇంజను తిరిగింది, రంగు వేయించారు. అక్కడితో ఆగితే బాగుండేది. అమెరికాలోని కొడుకు అక్కడి పాత పికప్‌ల ఫొటోలు పంపాడు. ఏ తలుపుకీ పిడి లేదు. నదిలో దొర్లి నునుపెక్కిన రాయిలా బండి మొత్తం ఒకే ముక్కగా ఉంది. బొత్తాం నొక్కితే తలుపు దానంతటదే అంగుళం మేర తెరుచుకుంటుంది. మనసు పారేసుకోవడానికి ఆయనకు అదొక్కటి చాలింది.

అమెరికాలో దీన్ని పిడులు 'గొరిగించడం' అంటారు. గడ్డం గీసుకున్నట్టే. ఈ మోజు ఈనాటిది కాదు. 1938లో జనరల్ మోటార్స్ డిజైనర్ హార్లీ ఎర్ల్ 'వై-జాబ్' అనే నమూనా బ్యూక్ కారు చేయించినప్పుడే తలుపుల పిడులు ఒంట్లోకి అణిగిపోయి ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులు, మెర్క్యురీలు చవగ్గా కొని, కంపెనీ పెట్టిన మెరుపు పట్టీలు, బిళ్లలు, పిడులు అన్నీ పీకి, కన్నాలు పూడ్చి, సీసం కరిగించి పోసి నున్నగా రుద్దేవారు. బారిస్ సోదరుల షాపులో 1952లో తయారైన బాబ్ హిరోహటా మెర్క్యురీ కారు ఆ తరహాకు శిఖరం. 2022 జనవరిలో వేలం వేస్తే పాట దాదాపు 20 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. కంపెనీ పెట్టినవి తీసేసినందుకు విలువ పెరగడం అక్కడి చిత్రం.

పిడి తీసేశాక తలుపు తెరవాలంటే గొళ్లేన్ని మరొకరు లాగాలి. ఆ పని చేసేది సోలినాయిడ్. పేరు చూసి బెదరక్కర్లేదు. ఇంట్లో టింగ్‌టాంగ్ గంటలో ఉండేదీ అదే. రాగి తీగచుట్టలోంచి కరెంటు పోతే అది అయస్కాంతమై మధ్యలోని ఇనుప కడ్డీని లోపలికి గుంజుకుంటుంది. ఆ కడ్డీని గొళ్లెం మీటకు కలిపితే వేలితో లాగాల్సింది కరెంటు లాగుతుంది. చెప్పడానికి ఇంతే.

చేయడానికి మాత్రం చాలా ఉంది. మొదటిది బలం. కొత్త కార్ల గొళ్లెం చిటికెన వేలితో కదులుతుంది. పాత లారీ గొళ్లెం అలా కాదు. డెబ్బయ్యేళ్ల స్ప్రింగులు, అరిగిన పళ్లు, తుప్పు. దాన్ని కదపాలంటే 16 నుంచి 22 కిలోల లాగుడుకు తగ్గ సోలినాయిడ్ పెడతారు. అది పనిచేసే అర సెకనులో 20, 30 ఆంపియర్లు తాగుతుంది. అంత కరెంటు రిమోట్ పెట్టెలోని సన్న తీగల్లోంచి పంపితే పెట్టె మాడిపోతుంది. అందుకే మధ్యలో రిలే పెట్టాలి. బ్యాటరీ నుంచి రిలేకి, రిలే నుంచి తలుపుకి మందపు తీగ వేయాలి. బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు ఉండాలి. తీగ సన్నమైతే సోలినాయిడ్ చేరేసరికి వోల్టేజీ పడిపోయి, కడ్డీ 'టక్' మని చప్పుడు చేస్తుంది తప్ప గొళ్లెం కదలదు. మన పల్లెటూళ్లలో చివరి స్తంభం కింద ఇంటి మోటారు మూలిగినట్టు.

రెండోది వోల్టేజీ. 1950ల తొలి సగంలోని అమెరికన్ బళ్లు చాలావరకు 6 వోల్టులవి. ఈ సోలినాయిడ్లు 12 వోల్టులవి. అంటే డైనమో, దీపాలు, హారన్ అన్నీ మార్చాలి. మూడోది దారి. తీగ క్యాబిన్ నుంచి తలుపులోకి కీళ్ల దగ్గర దాటాలి. తలుపు తెరిచి మూసినప్పుడల్లా అక్కడ వంగుతుంది. రబ్బరు గొట్టం తొడగకపోతే ఏడాదిలో తెగుతుంది, లేదా రేకుకు రాసుకుని షార్ట్ అవుతుంది. నాలుగోది తోపు. గొళ్లెం వదిలినా తలుపు అక్కడే ఉంటుంది, పట్టుకుని లాగడానికి పిడి లేదాయె. అందుకని ద్వారబంధంలో స్ప్రింగు బిగించిన చిన్న గూటం పెడతారు. గొళ్లెం వదలగానే అది తలుపును బయటికి నెడుతుంది. వేళ్లు దూరేంత సందు దొరుకుతుంది. అమెరికా ఫొటోల్లో మా మిత్రుణ్ని ముగ్ధుణ్ని చేసిన ఆ అంగుళం ఈ గూటం చలవే.

ఇక రేకు పని. పిడి తీసిన కన్నానికి సరిపోయే రేకు ముక్క కత్తిరించి, ఒకేసారి అతికించకుండా చుక్క చుక్కగా వెల్డింగు చేస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ పోవాలి. తొందరపడితే వేడికి తలుపు రేకంతా అప్పడంలా ముడుచుకుపోతుంది. మనవైపు ఈ పనిని టింకరింగ్ అంటాం. ఢిల్లీలో ఆ మాటంటే తెల్లమొహం వేస్తారు. ఇక్కడ అది 'డెంటింగ్'. పని మాత్రం ఒకటే, సుత్తీ ఒకటే, నాలుగు రోజుల్లో ఇస్తానని నెలరోజులు తిప్పించడమూ ఒకటే.

బళ్లను తమకు తోచినట్టు మార్చుకోవడం ఢిల్లీకి కొత్త కాదు. యుద్ధం తరవాత సైన్యం వదిలేసిన హార్లీ డేవిడ్‌సన్ మోటారుసైకిళ్లకు వెనక బండి తగిలించి కన్నాట్‌ప్లేస్ నుంచి పాతఢిల్లీకి జనాన్ని మోసిన 'ఫట్‌ఫటీ'లు 1998 దాకా తిరిగాయి. కశ్మీరీ గేటులో దొరకని విడిభాగం లేదు, కరోల్‌బాగ్‌లో తగిలించని అలంకారం లేదు, మాయాపురిలో విప్పని బండి లేదు. ఈ మూడు చోట్లా తిరిగితే సోలినాయిడ్, రిలే, రిమోట్, గూటం అన్నీ ఒక సంచిలో ఇంటికి తెచ్చుకోవచ్చు. సామాను దొరకడం కష్టం కాదు. ఒక ప్రశ్న అడిగే మనిషి దొరకడమే కష్టం. బ్యాటరీ చస్తే ఎలా?

మా మిత్రుడు పని అప్పగించిన షాపు ఆ ప్రశ్న అడగలేదు. పేరెందుకు గానీ, కార్లకు సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించే షాపు. కుర్రాళ్లు హుషారుగా చేశారు. బయటి పిడులతోపాటు లోపలి పిడులు కూడా తీసేసి డాష్‌బోర్డు మీద రెండు ఎర్ర బొత్తాలు పెట్టారు. 'విమానంలా ఉంది కదా అంకుల్' అన్నారట. అంకుల్ ఒప్పుకున్నారు. బ్యాటరీ క్యాబిన్ నేల కింద ఉంది. దాని మూత లోపలినుంచి తీయాలి. అంటే తలుపు తెరవడానికి బ్యాటరీ కావాలి, బ్యాటరీ దగ్గరికి పోవడానికి తలుపు తెరవాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

రిమోట్ మాట వినడానికి లోపలి రిసీవరు రాత్రీపగలూ చెవి ఒగ్గి కూచుంటుంది. అది తాగే కరెంటు తక్కువే, 20 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. రోజుకు అర ఆంపియర్-అవర్. మూడు వారాలు బండి స్టార్టు చేయకుండా వదిలేస్తే పది. రోజూ తిరిగే కారుకు అది లెక్కలోకి రాదు. నెలకోసారి ముసుగు తీసే పాత బండికి, అందులోనూ ఢిల్లీ ఎండకు సగం చచ్చిన బ్యాటరీకి అదే యమపాశం. ఆ రోజు పొద్దున ఒకసారి తెరుచుకుంది. మనవడు దిగి తలుపేశాక మళ్లీ తెరుచుకోలేదు.

అరగంట తంటాలు పడ్డాం. చివరికి పక్క ఊరి నుంచి వచ్చిన మెకానిక్ కుర్రాడు వెనక అద్దం రబ్బరు స్క్రూడ్రైవరుతో ఊడబెరికి, అద్దం దించి, సన్నగా ఉన్నాడు కాబట్టి దూరాడు. లోపల ఎర్ర బొత్తం నొక్కాడు. అలవాటు. తరవాత నవ్వుకుని, తలుపు లోపలి అట్ట విప్పి గొళ్లెం ఊచను చేత్తో లాగాడు. బయటికొచ్చేసరికి చెమటతో చొక్కా పిండొచ్చు. 'లోపల కొలిమి' అన్నాడు. అప్పుడు చూశాను మా మిత్రుడి మొహం. ఆయన లారీవైపు చూడటం లేదు. నీళ్లు తాగొచ్చిన మనవణ్ని చూస్తున్నారు.

అదే నెల 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కారు. తలుపులు పడిపోయాయి. ఊపిరాడక నలుగురూ చనిపోయారు. ఆ కారు తలుపులకు పిడులున్నాయి, ఎవరూ ఏమీ గొరిగించలేదు. మూసిన అద్దాల వెనక ఎండలో నిలిపిన కారు పిల్లల పాలిట ఎంత తొందరగా మృత్యువవుతుందో చెప్పడానికే ఆ ఊరి పేరెత్తాను. మా మిత్రుడి లారీలో అద్దం దించుకునే చేతిమీట ఉంది కాబట్టి పిల్లవాడికి కాస్త దారుండేదేమో. ఎనిమిదేళ్లవాడికి, భయంలో, అది తోచేదా అన్నది వేరే మాట.

కరెంటుతోనో గాలి ఒత్తిడితోనో కదిలే తలుపులతో తెలుగువాళ్లకు చేదు పరిచయమే ఉంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ అలాంటిదే జరిగి 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. బతికినవాళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డవాళ్లే. ఆ రెండు బస్సులూ ఈ లారీ ఒకటి కావు. మంటకు, ఆ మంట అంత వేగంగా పాకడానికి వేరే కారణాలున్నాయి. కానీ నిద్రలోంచి లేచిన మనిషి మొదట వెతికేది తలుపునే.

ఢిల్లీ చుట్టుపక్కల భయం నిప్పుతో కాదు, నీళ్లతో. 2024 సెప్టెంబరు 13 రాత్రి ఫరీదాబాద్ పాత రైల్వే అండర్‌పాస్‌లో నిలిచిన వాననీటిలోకి ఒక పెద్ద కారు దిగింది. ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు మునిగి చనిపోయారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 జూలైలో, మింటో బ్రిడ్జి కింద ఒక చిన్న ట్రక్కు డ్రైవరు అలాగే పోయాడు. నీటిలో తలుపు సంగతి చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. మీటరు వెడల్పు తలుపు మీద అర మీటరు ఎత్తు నీరు నిలిస్తే దానిపై పడే ఒత్తిడి దాదాపు 125 కిలోలు. నీరు మీటరు ఎత్తుకొస్తే అది రెట్టింపు కాదు, నాలుగింతలు, 500 కిలోలు. 22 కిలోల సోలినాయిడ్ గొళ్లేన్ని వదిలించగలదేమో గానీ తలుపును నెట్టలేదు. ఆ స్ప్రింగు గూటం అంతకన్నా నెట్టలేదు. అప్పుడు చేయాల్సింది నీరు కిటికీకి రాకముందే అద్దం దించడం. దించడానికి చేతిమీట ఉన్న పాత బళ్లే ఈ విషయంలో కొత్తవాటికన్నా నయం.

పాత బళ్ల పిచ్చిగాళ్ల సరదా ఒకప్పుడు వాళ్ల గొడవే. ఇప్పుడది అందరి గుమ్మంలోకీ వచ్చింది. టెస్లా 2012లో తెచ్చిన మోడల్ ఎస్‌తో ఒంట్లోకి అణిగే పిడులు మళ్లీ ఫ్యాషనయ్యాయి. మన దగ్గర 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700, తరవాత టాటా కర్వ్, మహీంద్రా ఎలక్ట్రిక్ కార్లు అదే బాట పట్టాయి. గాలి తక్కువ రాసుకుంటుంది, చూడ్డానికి బాగుంటుంది అంటారు. రెండోది ఒప్పుకోవచ్చు. 2025 సెప్టెంబరులో అమెరికా రహదారి భద్రతా సంస్థ 2021 నాటి టెస్లా మోడల్ వై కార్లు సుమారు 1.74 లక్షల మీద విచారణ మొదలుపెట్టింది. ఫిర్యాదు ఏమిటయ్యా అంటే, చిన్న బ్యాటరీ బలహీనపడితే బయటి పిడులు పనిచేయడం లేదు, లోపల పిల్లలుండగా తల్లిదండ్రులు బయట నిలబడిపోయారు, కొందరు అద్దం పగలగొట్టాల్సి వచ్చింది. గుర్గావ్ తోటలో మేం చూసిన నాటకమే, కోట్ల డాలర్ల కంపెనీ వేషంలో. చైనా ఇంకో అడుగు ముందుకేసి 2026 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. 2027 జనవరి 1 నుంచి కొత్త కార్ల తలుపులు బయటినుంచీ లోపలినుంచీ కరెంటు లేకుండా చేత్తో తెరుచుకునేలా ఉండి తీరాలి.

మన చట్టం ఈ లారీని చూస్తే ఏమంటుంది? చాలా అంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. పిడి తీసేయడం ఆ కిందికి వస్తుందా అంటే, రిజిస్ట్రేషన్ కాగితంలో పిడికి గడి లేదు. అధికారి దయ.

50 ఏళ్లు దాటిన బళ్లకు 2021 జూలైలో కేంద్రం ప్రత్యేక ఏర్పాటు చేసింది. రూ. 20,000 కడితే పదేళ్ల రిజిస్ట్రేషన్, నంబరులో 'వీఏ' అక్షరాలు, ర్యాలీలకు, ప్రదర్శనలకు మాత్రం రోడ్డెక్కే వీలు. షరతు ఏమిటంటే చట్రం, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. పైగా ఆ ఏర్పాటు టూవీలర్లకు, మనుషులు తిరిగే సొంత కార్లకే. సరుకులు మోసిన లారీకి ఆ పంక్తిలో విస్తరి లేదు. దేశమంతటినీ మోసింది లారీ, వారసత్వం హోదా మాత్రం మహారాజుల రోల్స్‌రాయిస్‌కు! ఢిల్లీ పాతకార్ల ప్రపంచంలో పరువు కూడా అసలు రూపానికే. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన ర్యాలీ దగ్గర్నుంచీ ఇక్కడ మార్కులు పడేది కంపెనీ నుంచి వచ్చినట్టే నిలబెట్టినవాటికి. కాలిఫోర్నియాలో బహుమతి తెచ్చే గొరుగుడు ఇక్కడ అనర్హత.

ఇక వయసు. ఎన్జీటీ 2014లో 15 ఏళ్లు దాటిన బళ్లను, 2015లో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లను రాజధాని ప్రాంతంలో వద్దంది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జూలై 1 నుంచి ఢిల్లీ బంకుల్లో వాటికి పెట్రోలు పోయొద్దన్నారు, జనం గగ్గోలు పెట్టాక రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు కఠిన చర్యలు వద్దని, డిసెంబరులో ఆ రక్షణ బీఎస్-4, ఆపై బళ్లకే అని చెప్పింది. ఈ గోల మా మిత్రుడి లారీకి అంటదు. అది తోట గేటు దాటదు. నాకు విచిత్రంగా తోచేది వేరే. ఇన్ని సెక్షన్లు బండి వయసు అడుగుతాయి, పొగ అడుగుతాయి, రూపం అడుగుతాయి. కంపెనీ కార్లకైతే ఢీకొట్టే పరీక్ష ఉంది. ఢీకొన్నాక పనిముట్ల అవసరం లేకుండా వరుసకు కనీసం ఒక తలుపైనా తెరుచుకోవాలన్నది అందులో ఒక నియమం. మంచిదే. కరోల్‌బాగ్ సందులో బిగించిన తలుపుకు ఆ పరీక్ష లేదు. నిషేధం ఒక్కటే ఉంది. నిషేధాన్ని ఢిల్లీలో ఎవరు ఎంత లెక్క చేస్తారో మీకు తెలియంది కాదు. 'చేయకూడదు' అని చెప్పి ఊరుకునే బదులు 'చేస్తే ఇలా చెయ్యి' అని ఒక పేజీ రాసి ఉంటే ఆ షాపు కుర్రాళ్లు కనీసం చదివేవారని నా ఆశ. అత్యాశే కావచ్చు.

ఆ పేజీలో ఉండాల్సింది మాయాపురిలో ఒక ముసలి మిస్త్రీ మాకు నోటితో చెప్పాడు. మే నెల గొడవ తరవాత మా మిత్రుడు వెతుక్కుంటూ వెళ్లి పట్టుకున్న మనిషి. తోటకొచ్చి లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, రేకు పని బాగుందని మెచ్చుకుని, లోపలికి తొంగిచూసి ఎర్ర బొత్తాల దగ్గర ఆగాడు.

'దీని పిడి ఏది సాబ్?'

'తీసేశారు ఉస్తాద్. బొత్తం ఉందిగా.'

'బయట మీ ఇష్టం. బయట ఉన్నవాడు ఎండలో నిలబడి తిట్టుకుంటాడు, అంతే. లోపల పిడి పెట్టనివ్వకపోతే నేను ఈ బండి ముట్టుకోను.'

పెట్టనిచ్చారు. లోపలి పిడులు పాతవే మాయాపురి కుప్పల్లో దొరికాయి. వాటిని ఊచతో నేరుగా గొళ్లేనికి కలిపాడు. సోలినాయిడ్ పక్కన ఉంటుంది, పిడికి దాంతో నిమిత్తం లేదు. తరవాత సైకిల్ బ్రేకు తీగ తెచ్చాడు. దాన్ని డ్రైవరు తలుపు గొళ్లేనికి కట్టి, కీళ్ల పక్కనుంచి దింపి, పాదం పెట్టే పలక కింద ఎవరికీ కనిపించని చోట చిన్న ఇనుప రింగుగా తేల్చాడు. వంగి, వేలు దూర్చి లాగితే తలుపు ఊడుతుంది. ఖర్చు చెబితే మా మిత్రుడు నమ్మలేదు, మళ్లీ అడిగారు. ముందు బంపరు వెనక రెండు ఇత్తడి మొలలు పెట్టాడు, బయటినుంచి వేరే బ్యాటరీ తగిలించడానికి. ఇంజను నడుస్తుండగా రిమోట్ పనిచేయకుండా ఇగ్నిషన్‌తో రిలేకు ముడి వేశాడు. లేకపోతే జేబులో బొత్తం ఒత్తుకుని నడిచే బండి తలుపు తెరుచుకుంటుంది. చివరగా బ్యాటరీకి కట్ చేసే స్విచ్ పెట్టి, 'వాడనప్పుడు తిప్పెయ్యండి, ఆ డబ్బా ఊరికే తాగుతోంది' అన్నాడు.

ఈ పనులేవీ ఫొటోలో కనపడవు. లారీ చూడడానికి మే నెలలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఒక్క లోపలి పిడుల నికెల్ పూత మాత్రం వెలిసిపోయి, కొత్త రంగు పక్కన వెలవెలబోతోంది. మార్పించమని కొడుకు ఫోనులో అంటున్నాడట.

మొన్న వెళ్లినప్పుడు మనవడే తలుపు తెరిచి చూపించాడు. మోకాళ్ల మీద కూచుని, పలక కిందికి చెయ్యి పోనిచ్చి, నాలిక బయటపెట్టి రింగు లాగాడు. తలుపు అంగుళం తెరుచుకుంది. రిమోట్ ఏదని అడిగాను. వానల్లో ఎక్కడో పడిపోయిందట, తాతగారు ఇంకా వెతకలేదట.